అందరికీ వడ్డించిన ఆల్బమ్

కడపలో ఒకప్పుడు పంక్ సంగీతం ఉండేదంటే ఎవరూ నమ్మరు. హైదరాబాదులో చెబితే నవ్వుతారు, బెంగళూరులో చెబితే ఇంకా గట్టిగా నవ్వుతారు. కడపలో చెబితే ‘ఏం సంగీతం?’ అని మళ్లీ అడుగుతారు. ఎవరినీ ఒప్పించడానికి ఇది రాయడం లేదు. రెండువేల దశకం మధ్యలో కర్నూలు, కడప జిల్లాలు రెండూ కలిపి ఐదు బ్యాండ్లు ఉండేవి. వాటిలో ఒకదానిలో నేను బేస్ గిటార్ వాయించేవాణ్ని. ఆ ఐదు బ్యాండ్లనూ ఎగతాళి చేస్తూ మేం తొమ్మిది పాటల ఆల్బమ్ ఒకటి చేశాం. అందులో అందరినీ తిట్టాం, ఒక్క మనిషిని తప్ప. ఆ ఒక్క మనిషి గురించే ఇది.

పాప్-పంక్ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. గిటార్ మీద కార్డులనే మూడు పట్లు, పరుగెత్తే డ్రమ్ము, ఒకసారి వింటే నోట్లో ఆడే వరస, ఆ వరసలో ఎవరినో ఒకరిని ఏకిపారేసే మాటలు. సంగీతం బొత్తిగా రానివాడికి కూడా పది రోజుల్లో పట్టుబడుతుంది. అప్పట్లో మా రెండు జిల్లాల్లో ఎటు చూసినా కొత్త ఇంజినీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. వాటిల్లో చేరి చదువు మీద ధ్యాస లేనివాళ్లు, గొంతు లేకపోయినా పాడాలన్న దురద ఉన్నవాళ్లు ఇందులో పడ్డారు. నేనూ అలాగే పడ్డాను.

మాకు ఈ జబ్బు అంటించింది కడపలో క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే ఒక దుకాణదారు. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. సినిమా పాటలు, అయ్యప్ప పాటలు, దర్గా దగ్గర పాడే ఖవ్వాలీలు, ఏది కావాలని రాసిస్తే అది ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చేవాడు. బెంగళూరులో ఉండే ఆయన బావమరిది ఒకసారి సంచీ నిండా ఇంగ్లీషు సీడీలు తెచ్చి ఇంట్లో పడేసి పోయాడట. భాయ్‌కి ఇంగ్లీషు పెద్దగా రాదు. అయినా హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు, నచ్చింది. అప్పటినుంచి కాలేజీ పిల్లలు ఎవరు వచ్చి సినిమా పాటలు రాయించుకున్నా, చివర టేపు కాస్త మిగిలితే అందులో ఒక పంక్ పాట ఎక్కించేవాడు. అడగకుండానే.

"టేపు ఊరికే పోతాంది గదప్పా, ఒకటి ఏసినా. ఇని సూడు," అనేవాడు.

మా ఐదు బ్యాండ్లూ ఆ టేపు చివర్లలోంచి పుట్టినవే. విన్నవాడు రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, సినిమా పాటల సంగతి వదిలేసి, చివర్లో ఉన్నది ఇంకా ఉందా అని అడిగేవాడు. భాయ్ నవ్వి ఇంకో క్యాసెట్ తీసేవాడు. మైదుకూరు వాళ్లను మాకు పరిచయం చేసింది ఆ దుకాణమే. కర్నూలు వాళ్లు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చేవారు.

మా బ్యాండు సాధన చేసేది కడపలోనే, మా నాన్న పసుపు గోడౌన్‌లో, మధ్యాహ్నం హమాలీలు అన్నానికి పోయినప్పుడు. చుట్టూ బస్తాలు ఉండటంతో శబ్దం బయటికి పోయేది కాదు. కానీ డ్రమ్ము మీద దెబ్బ పడ్డప్పుడల్లా పసుపు లేచేది. గంట వాయించి బయటికి వస్తే ముఖాలూ చేతులూ పచ్చగా ఉండేవి. హమాలీలు మమ్మల్ని చూసి "పెండ్లికొడుకులు వస్తాండారు, దావ ఇడవండప్పా," అనేవారు. మా గిటారిస్టు తెల్ల చొక్కాలు వేసుకోవడం మానేశాడు.

కొన్నాళ్లు అందరం బాగానే ఉన్నాం. తర్వాత ఎవరు నిజమైన పంక్ అన్న గొడవ మొదలైంది. నాకు చిన్నప్పటినుంచీ ఒక రోగం ఉంది. మనుషులు తమను తాము మరీ గొప్పగా తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. కర్నూలు బ్యాండు సర్కారు మీద, పోలీసుల మీద ఇంగ్లీషులో నిప్పులు కక్కేది. వాళ్ల డ్రమ్ములు మాత్రం గాయకుడి నాన్నగారి సర్కారు జీపులో వచ్చి దిగేవి. మైదుకూరు వాళ్లు జుట్టు నిటారుగా నిలబడాలని గంజి పట్టించేవాళ్లు. ఎండకు అది ఎండి పొట్టు రాలేది, ఈగలు ముసిరేవి. నంద్యాల బ్యాండు బొమ్మ వేసిన టీషర్టులు ముందు అచ్చేయించింది, పాట మాత్రం ఒక్కటీ కట్టలేదు. ప్రొద్దుటూరు వాళ్లకు కాలేజీ వార్షికోత్సవంలో ప్రార్థన గీతం పాడితేనే స్టేజీ ఇస్తామన్నారు. వాళ్లు వినాయకుడి ప్రార్థనను ఎంత వేగంగా వాయించారంటే, ప్రిన్సిపాలు భక్తిగా లేచి నిలబడేలోపే అది అయిపోయింది. ఇంత జరుగుతూ ఉంటే ప్రతివాడూ మిగతావాళ్లను చూసి ‘వాళ్లు నకిలీ’ అనేవాడు. మేమూ అన్నాం.

అందుకే ఆల్బమ్ చేద్దామనుకున్నాం. మాటలు నేనూ మా గాయకుడూ రాశాం. జీపు మీద ఒకటి, గంజి మీద ఒకటి, టీషర్టుల మీద ఒకటి, ప్రార్థన మీద ఒకటి. మా మీద మేం రెండు రాసుకున్నాం. వాటిలో ఒకటి స్టేజీ మీద తన వేళ్లు తప్ప ఇంకేమీ చూడని బేస్ గిటారిస్టు గురించి. మిగతా మూడూ బస్టాండుల్లో జరిగిన వాదనల మీద. ఎవరినీ వదలకూడదని, ఆల్బమ్‌కి ‘అందరికీ వడ్డన’ అని పేరు పెట్టాం.

గోడౌన్‌లో పాటల జాబితా రాసుకున్న రోజు మా డ్రమ్మరు అడిగాడు, "భాయ్ మీద ఒకటి కట్టద్దా?"

"పెద్దాయన గదప్పా, బాగుండదు," అన్నాడు గాయకుడు.

"మనవాళ్లయితే సరే, ఏమన్నా పడతారు. భాయ్‌ని అంటే వేరే మాదిరి అనుకుంటారు," అన్నాను నేను.

ఈ మాట అన్నది నేనే. ‘మనవాళ్లు’ అంటే ఎవరో, ‘వేరే మాదిరి’ అంటే ఏమిటో అక్కడ ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైంది. అప్పుడు అది నాకు మర్యాదలాగే అనిపించింది.

రికార్డింగు ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో జరిగింది, ఒక కంప్యూటరు, ఒక మైకు. శబ్దమంతా కుడిపక్కకే పెట్టమని, ఎడమపక్క పూర్తిగా ఖాళీగా వదిలేయమని సెంటర్ యజమానికి చెప్పాం. ఆయనకు మతి పోయింది. "ఒక స్పీకర్లో ఏమీ రాదు గదప్పా," అన్నాడు. అట్లే ఉండాలని గట్టిగా చెప్పాం. మాకు అది సిద్ధాంతం. భాయ్ ఎక్కించి ఇచ్చిన పంక్ క్యాసెట్లన్నీ అలాగే ఉండేవి. రెండు స్పీకర్లున్న సెట్టులో వేస్తే కుడిపక్క ఒక్కదాంట్లోనే మోగేవి. మొదట్లో నేను మా ఇంట్లో సెట్టు పాడైందనుకున్నాను. మైదుకూరు గిటారిస్టు తన సెట్టును రెండుసార్లు రిపేరుకు ఇచ్చాడట. కంపెనీ క్యాసెట్ వేస్తే రెండుపక్కలా వచ్చేసరికి, లోపం సెట్టులో లేదు, పంక్ అంటేనే ఇంత అని తేల్చుకున్నాం. మా గాయకుడు దాని మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. డబ్బున్నవాడికి రెండు స్పీకర్లు కావాలి, మనకు ఒకటి చాలు అని.

పాటలు సీడీల మీదికి ఎక్కించి పంచాం. అందరూ కొట్లాటకు వస్తారనుకుంటే ఎవరూ రాలేదు. కర్నూలు వాళ్లు జీపు పాటను వాళ్ల కాలేజీ స్టేజీ మీద వాళ్లే పాడారు. మైదుకూరు వాళ్లు గంజి మానేసి, పాట మాత్రం నేర్చుకున్నారు. ఎవరి పాట అందరికంటే ఘాటుగా ఉందన్న దాని మీద పోటీ పడ్డారు. ప్రొద్దుటూరు వాళ్లు తమది చాలా మెత్తగా ఉందని నిష్ఠూరమాడారు. నకిలీ, అసలు అన్న గొడవ దానంతట అదే పోయింది. ఎగతాళి పాలైన ఐదు బ్యాండ్లూ ఒక కుటుంబంలా అయ్యాయి. నేను లోలోపల పొంగిపోయాను.

భాయ్‌కి కూడా ఒక సీడీ ఇచ్చాం. వారం తర్వాత పొద్దున్నే దుకాణానికి వెళ్తే ఆయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"రాప్పా, కూసో. నా వడ్డన శానా బాగుండాది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నీ మీద పాట లేదు గద భాయ్," అన్నాను.

"పాట లేదులే. ఆ ఎడమపక్క ఖాళీగా పెట్టినారు సూడు, దాని సంగతి చెప్తాండా. మా పాప ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఈ పక్క ఏమీ రాలేదే అనింది. నేను పడీ పడీ నవ్వితి. మిగిలినోళ్లందర్నీ మాటలతో కొట్టినారు. నన్ను మాట లేకుండా కొట్టినారప్పా. ఎంత బాగా కొట్టినారు."

"అది నీ మీద కాదు భాయ్. పంక్ అంటే అంతే గదా. నీ క్యాసెట్లన్నీ అట్లే ఉంటాయి గదా. వాటిని సూసే మేమూ పెట్టినాం."

ఆయన నవ్వు ఒక్కసారిగా పోలేదు. కాసేపు ముఖం మీద అలాగే ఉండి, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గింది. కౌంటరు మీద గుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"నాకు ఎడమ చెవి ఇనపడదప్పా," అన్నాడు. "ఎర్రగుంట్ల కాడ నాపరాయి గనిలో పని చేస్తాన్నప్పుడు పక్కనే మందు పేలింది. అప్పట్నించీ లేదు. మీకు యాడనో తెలిసుంటాది, దాని మీద కొట్టినారు అనుకుంటి."

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఐదారేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ దుకాణంలో గంటలు గంటలు కూర్చున్నాం. ఆయన ఎప్పుడూ మెడ ఒక పక్కకు తిప్పి వింటే అది ఆయన వాటమనుకున్నాం.

"మరి క్యాసెట్లు?" అన్నాను.

"సినిమా పాటలు క్యాసెట్ నుంచి ఎక్కిస్తా, ఈ ఇంగ్లీషువే సీడీ నుంచి. ఆ సీడీ నుంచి డెక్కుకు పొయ్యే వైర్లలో ఎడమది ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు. నాకు రెండు పక్కలా ఒకటే గదా. వచ్చినోళ్లు ఒక్కరూ అడగలా. ఎవుని సెట్టు వాడు పాడైందనుకున్నాడు. పోయిన యేడు డెక్కు రిపేరుకు ఇస్తే మెకానిక్కు చెప్పినాడు, ఎన్నేండ్లుగా సగం పాటే ఎక్కతాందని. అప్పటికే మీరు బ్యాండ్లు పెట్టేసినారు. ఏమని చెప్పేది? సిగ్గై, ఆ వైరు అట్లే ఇడిసి ఊరకుంటి."

"ఎడమపక్క ఏముండేది భాయ్?"

ఆయన ఒక సీడీ పెట్టి హెడ్‌ఫోన్లు నా తలకు తగిలించాడు. నాకు కంఠతా వచ్చిన పాట. కుడిచెవిలో రోజూ వినే గిటారే. ఎడమచెవిలో ఇంకో గిటార్ ఉంది. మొదటిదాన్ని ఎదిరిస్తూ, సందు దొరికినప్పుడల్లా దూరుతూ, వేరే ఏదో వాయిస్తోంది. మా ఐదు బ్యాండ్లలో ఏ బ్యాండుకూ రెండో గిటార్ లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు. రెండు జిల్లాల సంగీతాన్ని ఈ మనిషి తన చెవి కొలతకు కుట్టేశాడు. నాకు నవ్వు ఆగలేదు. హెడ్‌ఫోన్లు తీసి చూస్తే ఆయన నవ్వడం లేదు.

"అయితే నన్ను ఇడిసిపెట్టినారు," అన్నాడు.

"పెద్దోనివని భాయ్. మర్యాదగా ఉండదని."

"అందరికీ అని పేరు పెట్టినారు గదప్పా. బంతిలో అందరికీ వడ్డించుకుంటా వచ్చి, నా ఆకు కాడ దాటుకుని పోతే అది మర్యాదనా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మా ఊర్లో పీర్ల పండక్కి నిప్పుల గుండం సుట్టూ ఎగురుతా పాటలు కడతారు. రెడ్డినీ, కరణాన్నీ, ముల్లానీ, ఎవర్నీ ఇడిసిపెట్టరు. మా నాయన గుర్రబ్బండి తోలుతాండె. ఆయన కంటే గుర్రానికే బుద్ధి జాస్తి అని ఒకసారి కట్టినారు. ఆ యేడంతా ఇంటికొచ్చినోళ్లందరికీ ఆయనే పాడి ఇనిపించినాడు. పాటలోకి వస్తే ఊర్లో ఉన్నట్టు. నేను మీలో ఉండాననుకుంటి."

నేను గోడౌన్‌లో అన్న ‘మనవాళ్లు’ అన్న మాట నాకు గుర్తొచ్చింది. చెంప మీద కొట్టినట్టు అయింది. అది ఆయనకు చెప్పే ధైర్యం అప్పుడు లేదు, ఆ తర్వాత కూడా రాలేదు. చెప్పకుండానే ఆయనకు తెలుసని నా అనుమానం.

"పాట కడతాం భాయ్," అన్నాను.

"వద్దులేప్పా. అడిగి పెట్టించుకునేది వడ్డన గాదు," అని ఆయన క్యాసెట్లు సర్దుకోవడంలో పడ్డాడు. నేను ఇంకాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం గోడౌన్‌లో జరిగినదంతా చెప్పాను. గాయకుడు తల దించుకున్నాడు. డ్రమ్మరు మాత్రం నన్నే చూశాడు, నేను అప్పట్లో అన్నది వాడు మరిచిపోలేదు. గిటారిస్టుకు విషయం ఎక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కాక లేచి నిలబడ్డాడు.

"అంటే ఇద్దరు వాయించేదాన్ని మూడేండ్లుగా నేనొక్కన్నే వాయించాలని సస్తాండానా? నా చేతి ఏళ్లు సూడండ్రా, తోలు ఊడిపోయినాది. ఆ మనిషిని నేను ఊరికే ఇడిసిపెట్టను."

పాటకు మొదటి చరణం అదే అయింది. మిగతావి రెండు రోజుల్లో వచ్చేశాయి. ఈసారి మర్యాద పాటించకూడదని ఒట్టు పెట్టుకున్నాం. సగం పాట ఇచ్చి నిండు క్యాసెట్టన్నావు అని, ఒక్క చెవి పోతే రెండు జిల్లాలను చెవిటోళ్లను చేసినావు అని, మైదుకూరు సెట్టును రెండుసార్లు ఆపరేషన్‌కు పంపింది నువ్వే అని, ఒక్కదాన్నీ వదల్లేదు. మొదట రాసినప్పుడు ఒకచోట ‘పాపం’ అన్న మాట దొర్లింది. గాయకుడు దాన్ని కొట్టేశాడు. చివరి చరణం నేను రాశాను. ఇంత పంక్ నేర్పిన మహానుభావుడికి పంక్ అంటే ఏమిటో సగమే తెలుసన్నది దాని సారాంశం.

పాటకు రెండో గిటార్ కావాలి. నంద్యాల టీషర్టుల బ్యాండులోని గిటారిస్టు ఖాళీగానే ఉన్నాడు కనుక బస్సెక్కి వచ్చేశాడు. సీడీ ముందు కూర్చోబెట్టి రెండో గిటార్ ఏం చేస్తుందో వాడికి వినిపించాం. నాలుగు రోజులు అదే పని. ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే, చిన్న ఆంప్లిఫయర్లతో దుకాణం ముందు దిగాం. టీ బంకు ఆయన కరెంటు ఇచ్చాడు. డ్రమ్మరు ఒక్క చిన్న డ్రమ్ము తెచ్చాడు.

భాయ్ తాళాలు పట్టుకుని వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఏందప్పా ఇది? నేను అడగలేదు గదా."

"నువ్వు అడగలేదు భాయ్. మేమే వడ్డిస్తాండాం. కూసో," అన్నాడు గాయకుడు.

ఆయన టీ బంకు నుంచి ఇనుప కుర్చీ తెచ్చుకుని మాకు ఎదురుగా కూర్చున్నాడు. మొదలుపెట్టాం. మొదటి చరణం అయ్యేసరికి ఆటోవాళ్లు నలుగురు చేరారు. తిట్లు భాయ్‌కేనని వాళ్లకు అర్థమై, కొడతాడేమోనని ఆయన వైపు చూశారు. ఆయన తొడ మీద చరుచుకుంటూ నవ్వుతున్నాడు. రెండు జిల్లాల చెవుడు దగ్గరికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు వచ్చాయి, చొక్కా చేతితో తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన్ని అంతగా నవ్వించిన పని మేం ఒక్కటీ చేయలేదు.

అప్పుడు చెయ్యెత్తి ఆపాడు.

"గిటార్లు రెండు తెచ్చినారు. నాకు ఒకటే సరిగా ఇనపడతాంది."

చూసుకుంటే నంద్యాల గిటారిస్టు ఆయనకు ఎడమపక్కన నిలబడి ఉన్నాడు. సీడీలో ఎడమపక్క ఉంది కాబట్టి అక్కడే నిలబెట్టాం. పాటంతా ఆ చెవి మీదే కట్టి, ఐదుగురిలో ఒక్కడికీ ఆ సంగతి తోచలేదు. వాడు గబగబా ఇటు రాబోయాడు.

"నువ్వు ఆడనే ఉండప్పా," అన్నాడు భాయ్.

లేచి కుర్చీని పూర్తిగా తిప్పుకున్నాడు. మాకు వీపు పెట్టి, మూసి ఉన్న షట్టరు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన మంచి చెవి నంద్యాల గిటార్ వైపు వచ్చింది. "మళ్లీ మొదట్నించీ కానీండి," అన్నాడు.

మొదటినుంచీ ఎత్తుకున్నాం. కాసేపు ఆయన భుజాలు నవ్వుతో కదిలాయి. తర్వాత కదలడం ఆగింది. చివరి చరణానికి ముందు పాటలో మాటలు లేని చోటు ఒకటి ఉంది, రెండు గిటార్లే ఉంటాయి. అక్కడ ఆయన తల కాస్త వంచాడు. మా వైపు తిరగకుండానే అన్నాడు.

"ఇదా నేను మీకు ఇయ్యకుండా పోయింది."

గాయకుడు పాడాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. మిగిలిన చరణం నేను రాసినదే, అన్నిటికంటే ఘోరమైనది. నేను పాడమని తల ఊపాను. వాడు ఒక్క మాట కూడా తగ్గించకుండా, గొంతెత్తి, ఆ వీపుకేసి పాడాడు.